గండి పూడ్చినవాడి పేరు

మునగలదిబ్బలో పానకాలు అనే కేబుల్ ఆపరేటరు ఉండేవాడు. తనకు కీడు చేసినవాడి పేరు ఎన్నేళ్ళయినా మరిచేవాడు కాదు, మేలు చేసినవాడి పేరు మర్నాటికి గుర్తుంచుకునేవాడు కాదు.

రెండో తరగతిలో తన పలక పగలగొట్టినవాడి పేరు, ఇంటిపేరుతోనూ వాళ్ళ నాన్న పేరుతోనూ కలిపి చెప్పేవాడు. మొన్నటి వానలో బండి ఆగిపోతే ఇంటిదాకా తోసిపెట్టినవాడు ఎవరని అడిగితే మాత్రం, "ఎవరో తెల్లచొక్కా" అనేవాడు. ఊళ్ళో దీన్నెవరూ పెద్ద లోపంగా చూడలేదు. అలా చూస్తే ముందు ఎవరి లోపం వాళ్ళు చూసుకోవాల్సివచ్చేది.

పానకాలు చాలా పనులు మొదలుపెట్టాడు. పుట్టగొడుగులు పెంచాడు. అవి పెరగలేదు. కౌజు పిట్టల్ని పెంచాడు. అవి పెరిగి, తలుపు తీసి ఉన్న రోజు చూసుకుని వెళ్ళిపోయాయి. మంచినీళ్ళ ప్లాంటు పెడతానని రేకుల షెడ్డు వేశాడు. అందులో ఇప్పుడు వాళ్ళ పెదనాన్న గేదెను కట్టేస్తున్నాడు. కేబుల్ వ్యాపారం తండ్రి పెట్టింది కాబట్టి ఎలాగో నిలబడింది.

ఊరికి ఇంటర్నెట్టు తీగలు లాగిన ఏడాది, పానకాలు తన ఆఫీసు గదిలో ఒక మూల కంప్యూటరు పెట్టి అందులో ఒక ఆట నడపడం మొదలుపెట్టాడు. ఎవరైనా తమ ఫోన్లోంచి ఆ ఆటలోకి రావచ్చు. చదరపు ఇటుకలు పేర్చి ఇళ్ళు కట్టుకోవచ్చు, వీధులు వేసుకోవచ్చు. అందరూ కట్టేది ఒకే ఊళ్ళో. అలా అందరినీ ఒకచోట ఆడించే కంప్యూటరును సర్వరు అంటారు. దాని బాగోగులు చూసేవాడిని అడ్మిన్ అంటారు. పానకాలు ఆ మాటను విజిటింగ్ కార్డు మీద కూడా వేయించుకున్నాడు.

ఆటలోని ఊరికి కొత్తదిబ్బ అని పేరు పెట్టాడు. ఊరు ఊరంతా అందులోకి దిగింది. సూది మందు తప్ప ఇంకోటి తెలియని ఆరెంపీ డాక్టరు అక్కడ ఐదంతస్తుల ఆసుపత్రి కట్టాడు. అసలు ఊళ్ళో ఒక్క మురిక్కాలవ కూడా బాగుచేయించని సర్పంచి, కొత్తదిబ్బలో వీధివీధికీ కాలవలు తవ్వాడు. ప్రజలు ఆ మాత్రానికే సంతోషించారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే ప్రసూన టీచరు, కల్యాణమండపంగా మారిపోయిన పాత సినిమాహాలును మళ్ళీ ఉన్నదున్నట్టు కట్టింది. టిక్కెట్ల కిటికీ దగ్గర వంగిపోయిన ఇనపకమ్మీ కూడా వంగే ఉండేలా కట్టింది.

సాయంత్రాలు జనం ఆ హాలు ముందు గుమిగూడేవారు. పానకాలు ఆఫీసులో కూర్చుని తెర మీద వాళ్ళని చూసుకుని మురిసిపోయేవాడు. అతను సగంలో వదిలేయకుండా నిలబెట్టిన పని, జీవితం మొత్తం మీద అదొక్కటే.

ఆ సంగతి ఎవరు కనిపెట్టారో గాని, దాన్ని కూల్చడానికి కొందరు తయారయ్యారు.

ఒకరోజు డాక్టరు ఆసుపత్రికి రెండో అంతస్తు లేకుండా పోయింది. పై మూడూ గాల్లో నిలబడ్డాయి. ఇంకోరోజు సర్పంచి కాలవల్లో నిప్పులు పారాయి. ఆటల్లో ఇలా అవతలివాళ్ళ కష్టాన్ని చెడగొట్టి సరదా పడేవాళ్ళని గ్రీఫర్లు అంటారట. మునగలదిబ్బలో వాళ్ళకి వేరే మాట ఉంది. పిల్లలు చదివే కథ కాబట్టి దాన్ని రాయకూడదు.

పానకాలు వాళ్ళని సర్వరు నుంచి వెళ్ళగొట్టాడు. వాళ్ళు కొత్త పేర్లతో తిరిగొచ్చారు. గడ్డిబాంబు అనేవాడు పోయి గడ్డిబాంబు రెండు వచ్చాడు. సుత్తిరాజా పోయి మహాసుత్తిరాజా వచ్చాడు. ఇళ్ళకి తాళాలు వేసే ఉపాయం ఉంది గాని, అలా వేస్తే కట్టుకునేవాళ్ళు కూడా ఇటుక కదపలేరు. వారానికోసారి తీసి దాచిన పాత ఊరిని మళ్ళీ పెట్టే ఉపాయమూ ఉంది గాని, అలా పెడితే ఈ వారంలో అందరూ కట్టింది తుడిచిపెట్టుకుపోతుంది.

అప్పుడు పానకాలుకి తన స్వభావానికి తగిన ఉపాయం తట్టింది. కొత్తదిబ్బలోకి అడుగుపెట్టగానే కనబడేలా, ఆసుపత్రి కంటే ఎత్తుగా ఒక బోర్డు కట్టాడు. పైన "ఊరి ద్రోహులు" అని రాశాడు. దాని కింద కూల్చినవాళ్ళ పేర్లు, ఏది కూల్చారో, ఎంత బాగా కూల్చారో రాశాడు. రోజూ పొద్దున్నే టీ కూడా తాగకుండా బోర్డు దిద్దేవాడు. అలా చేస్తే వాళ్ళు సిగ్గుపడి మానేస్తారని అతని నమ్మకం.

వాళ్ళు సిగ్గుపడలేదు. పేరు ఎవరిది పైన ఉందో చూసుకుని పందేలు వేసుకున్నారు. కింద ఉన్నవాడు పైకి రావడానికి మర్నాడు రెండు ఇళ్ళు ఎక్కువ కూల్చాడు.

ఒక సోమవారం సాయంత్రం ప్రసూన టీచరు బడి నుంచి తిన్నగా కేబుల్ ఆఫీసుకి వచ్చింది.

"పానకాలు గారూ, మా హాలు బాల్కనీ మళ్ళీ పోయింది."

"చూశాను టీచర్ గారూ. గడ్డిబాంబు పనే. బోర్డు మీద రెండో స్థానంలోకి ఎక్కించాను."

"ఎక్కిస్తే బాల్కనీ వస్తుందా?"

పానకాలు తెర మీది బోర్డు వైపు చూశాడు.

"నేను అందరి తరఫునా వచ్చాను. పక్కూరు చింతలమెరక వాళ్ళు కూడా ఒక సర్వరు పెట్టారు. అక్కడ ఈ గొడవలు లేవట. ఆదివారం సాయంత్రం దాకా చూస్తాం. అప్పటికీ ఊరు ఇలాగే ఉంటే అందరం అక్కడికి వెళ్ళిపోతాం."

"టీచర్ గారూ, నా ఊరు ఖాళీ అయిపోతుందండీ."

"ఖాళీ చేయడం మాకు మాత్రం సరదానా? అన్నట్టు, మొన్న మా టిక్కెట్ల కిటికీ, దాని పక్క గోడ పడగొడితే మర్నాటికల్లా బాగుచేసి పెట్టారు. థాంక్సండీ. రంగే కొంచెం తేడా వచ్చింది, ఫర్వాలేదు."

పానకాలు ఆ కిటికీని ముట్టుకోలేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు గాని, ఆమె చెప్పిన థాంక్స్ అప్పటికే అతని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక అతనికి రంగుల సంగతి మెదడులో తిరిగింది. కొన్నాళ్ళుగా అతనూ చూస్తున్నాడు. ఎర్రగోడలో నాలుగు ఆకుపచ్చ ఇటుకలు ఉంటున్నాయి. నీలం కిటికీకి ఊదారంగు రెక్క ఉంటోంది. ఆ కిటికీ ఎవరు కట్టారని అతను ఆలోచించలేదు. కూలిన గోడల్ని ఎవరివి వాళ్ళే కట్టుకుంటున్నారని, తర్వాత ఎవడో వచ్చి వెక్కిరింతగా ఈ రంగులు దూరుస్తున్నాడని అతను అనుకున్నాడు. 'గడ్డిబాంబు, సుత్తిరాజా కిందివాళ్ళు. వీడు వాళ్ళ నాయకుడు. సంతకం పెట్టి పోతున్నాడు' అని తేల్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆఫీసు తెరిచి తెర ముందు కూర్చున్నాడు. కొత్తదిబ్బ వీధులు ఖాళీగా ఉన్నాయి. ముందురోజు పోస్టాఫీసుకి పెద్ద కన్నం పడింది. కాసేపటికి కాలవ వీధి మొదట్లోంచి ఒక మనిషి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చాడు. పోస్టాఫీసు కన్నం దగ్గర ఆగాడు. చేతిలో ఆకుపచ్చ ఇటుక ఉంది. తల మీద పేరు మెరుస్తోంది: డేంజర్ నాగు.

పానకాలు కుర్చీలోంచి లేచిపోయాడు. వెంటనే తెర మీద టైపు చేశాడు.

"ఎవడ్రా నువ్వు?"

డేంజర్ నాగు తిరిగి చూశాడు. రెండుసార్లు ఎగిరాడు.

"పేరు చెప్పు! ఏ ఊరు నీది?"

డేంజర్ నాగు మళ్ళీ రెండుసార్లు ఎగిరాడు. తర్వాత ఇటుకను కన్నంలో పెట్టాడు.

"నా కళ్ళముందే పెడుతున్నావా? ఎగతాళిగా ఉందా?"

డేంజర్ నాగు ఈసారి మూడుసార్లు ఎగిరాడు.

పానకాలు ఇక ఆగలేదు. అతన్ని వెళ్ళగొట్టాడు. వెళ్ళగొట్టినవాడి ఫోన్లో కనబడేలా ఒక సందేశం కూడా రాశాడు. రాసింది రెండుసార్లు చదువుకుని, చాలా బాగా వచ్చిందనుకున్నాడు. డేంజర్ నాగు పేరును బోర్డు మీద అందరికంటే పైన, ఎర్ర అక్షరాలతో ఎక్కించాడు. ఆ రోజు ఇంట్లో పప్పన్నమే వండినా పండగ భోజనంలా తిన్నాడు.

బుధవారం కొత్తదిబ్బలో మూడు ఇళ్ళు కూలాయి. గురువారం పొద్దున చూస్తే అవి కూలినట్టే ఉన్నాయి. గురువారం సాయంత్రం ఆసుపత్రి మెట్లు పోయాయి. శుక్రవారం పొద్దునకి అవీ అలాగే ఉన్నాయి. ఇదివరకు కూలినవి కొన్ని తెల్లారేసరికి లేచి నిలబడేవి. ఇప్పుడు ఒక్కటీ లేవడంలేదు. డాక్టరు ఫోన్ చేసి, "ఏమయ్యా, ఇదివరకు నువ్వే కట్టిపెట్టేవాడివిగా? ఇప్పుడు చెయ్యి నొప్పా? సూది వేయనా?" అన్నాడు.

సినిమాహాలు పైకప్పు మొత్తం లేచిపోయింది. గడ్డిబాంబు, సుత్తిరాజా ఇంకో నలుగురు కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. తరమడం అనేది చెడ్డవాళ్ళ మీద ఎప్పుడూ పనిచేయలేదు. డేంజర్ నాగు ఒక్కడే మళ్ళీ రాలేదు. నాయకుణ్ణి తరిమేస్తే దండు ఎలా పెరిగిందో పానకాలుకి అర్థం కాలేదు.

శనివారం పొద్దున అతను దిగులుగా కూర్చుని ఉండగా ఏసుపాదం వచ్చాడు.

ఏసుపాదం రిటైరైన లస్కరు. లస్కరు అంటే కాలవ గట్టు వెంట రోజూ నడుస్తూ, ఎక్కడ నీరు కారుతోందో, ఎక్కడ గట్టు తెగుతోందో చూసి బాగుచేసే ఉద్యోగి. అతను మునగలదిబ్బ కాలవ మీద పనిచేసినన్నాళ్ళూ, ఊళ్ళో ఎవరి చేను ఎండినా అతన్నే తిట్టేవారు, ఎవరి చేను మునిగినా అతన్నే తిట్టేవారు. పంట బాగా పండితే తమ తెలివి అనుకునేవారు. ఇప్పుడతనికి మోకాళ్ళు పట్టేశాయి. రెండు కళ్ళలో శుక్లాలు వచ్చాయి. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, బల్ల మీద ఫోన్ పెట్టాడు.

"పానకాలూ, ఇందులో ఊరు రావడంలేదు నాయనా. మంగళవారం నుంచి తలుపు తీయడంలేదు. ఏదో రాసొస్తోంది. నా కళ్ళకి ఆనడంలేదు. కాస్త చూడు."

పానకాలు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చూసి, మళ్ళీ చూశాడు.

తెర మీద అతను రాసిందే ఉంది. "డేంజర్ నాగూ! నువ్వు ఈ ఊరికి పట్టిన చీడవి. నీకు సిగ్గూ శరం లేవు. మళ్ళీ నీ మొహం చూపించావంటే, నువ్వెవరో పట్టుకుని నడివీధిలో నిలబెడతాను. ఇట్లు, అడ్మిన్."

"ఈ పేరు... డేంజర్ నాగు... నీదా బాబాయ్?"

"అదేం పేరో నాకు తెలీదయ్యా. వేసవికి వచ్చిన మనవలు పెట్టి పోయారు. ఇంతకీ ఏమని రాశారు అందులో?"

పానకాలు గొంతు సవరించుకున్నాడు. "సర్వరు రిపేరు అని రాశారు బాబాయ్."

"రిపేరు అన్న ఒక్కమాటకి అంత పొడుగు రాశారా?"

"కంప్యూటరు వాళ్ళంతే బాబాయ్. గవర్నమెంటు కాగితంలాగా పొడుగ్గా రాస్తారు."

"అయితే సరే." ఏసుపాదం బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. "బాగయ్యేదాకా కూర్చుంటాలే. మా ఆవిడ సలోమి ఇంట్లో ఊరుకోవడంలేదు. ఫోన్లో ఊరు లేకపోయేసరికి నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నానట, కోళ్ళు బెదురుతున్నాయట."

"ఆ ఊళ్ళో నువ్వేం చేస్తావు బాబాయ్?"

"ఏం చేస్తాను, నడుస్తాను. మోకాళ్ళు పోయాక గట్టెక్కి ఎన్నాళ్ళయిందో. ఇందులో అయితే వేలుతో నొక్కితే చాలు, నడక వస్తుంది. తెల్లారగట్ట లేచి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒక చుట్టు చుడతాను. ఎక్కడన్నా గండి కనబడితే పూడుస్తాను."

"పోస్టాఫీసు గోడకి ఆకుపచ్చ ఇటుక పెట్టింది నువ్వేనా?"

"ఆకుపచ్చా?" ఏసుపాదం కంగారుపడ్డాడు. "ఎరుపేగా పెట్టాను!"

"మరి మొన్న అడ్మిన్ పలకరిస్తే జవాబు చెప్పకుండా ఎగిరావంట?"

"రాయడం నాకెక్కడొచ్చు నాయనా, ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఎవరన్నా ఎదురైతే రెండుసార్లు ఎగురు తాతా, నమస్కారం పెట్టినట్టు అవుతుందని మనవడు చెప్పాడు. ఆ రోజు ఎవరో పెద్దాయన లే, మాటిమాటికీ ఏదో రాశాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడని ఇంకోసారి ఎక్కువ ఎగిరాను."

పానకాలు ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. ముసలాయన చదవలేడు. తను చెబితే తప్ప ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. ఒక్క మీట నొక్కి తలుపు తీసేసి, "రిపేరు అయిపోయింది బాబాయ్" అంటే సరిపోతుంది. పానకాలు వేలు ఆ మీట మీదకి వెళ్ళింది కూడా.

అప్పుడే ఏసుపాదం అన్నాడు. "ఎప్పట్నుంచో నీకో మాట చెబుదామనుకుంటున్నాను. ఈ ఊరు నువ్వు పెట్టావట కదా. నీ పుణ్యమా అని మళ్ళీ నడుస్తున్నాను. థాంక్సయ్యా."

పానకాలు వేలు అక్కడే ఆగిపోయింది. సర్వరు పెట్టిన ఇన్నాళ్ళలో, చేసిన పనికి అతనికి దక్కిన మొదటి థాంక్స్ అది. దాన్ని చెప్పింది తను నడివీధిలో నిలబెడతానన్న మనిషి.

"బాబాయ్, అక్కడ రిపేరు అని రాసిలేదు," అన్నాడు పానకాలు. "అది నేను రాశాను. చదువుతాను, విను."

మొదట్నుంచి చివరిదాకా చదివాడు. ఇట్లు, అడ్మిన్ అన్నది కూడా వదలకుండా చదివాడు. ఆ నాలుగు ముక్కలు చదవడానికి, పదో తరగతి ఫలితాలు చూసుకున్నప్పటికంటే ఎక్కువ చెమట పట్టింది.

ఏసుపాదం కర్రను మోకాళ్ళ మధ్యకి లాక్కున్నాడు.

"చీడ అని రాశావా?"

"రాశాను బాబాయ్. తప్పయిపోయింది. కూలిన చోటల్లా నువ్వే కనబడేసరికి కూల్చేది నువ్వే అనుకున్నాను."

ఏసుపాదం కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు. "అదే మరి. ఉద్యోగంలో కూడా ఇదే గొడవ. గండి పడిందని జనం పరిగెత్తుకొస్తే, అక్కడ బురదలో కనబడేవాణ్ణి నేనే. కొట్టినవాడు ఇంట్లో నిద్రపోతూ ఉంటాడు. తిట్లన్నీ నాకే."

"కొట్టినవాడెవడో కనుక్కునేవాడివి కాదా?"

"కనుక్కునేలోపు కింద చేలు మునుగుతాయి కదయ్యా. ముందు గడ్డీ మట్టీ వేసి పూడ్చేవాణ్ణి. కనుక్కునేవాళ్ళు తర్వాత జీపులో వచ్చేవాళ్ళు. వాళ్ళకి టీలు తెచ్చిపెట్టేదీ నేనే."

"ఇన్నేళ్ళలో ఎవరైనా ఒక మంచిమాట అన్నారా బాబాయ్?"

"నీళ్ళు సరిగ్గా వచ్చిన రోజు లస్కరు ఎవరికి గుర్తొస్తాడు?" అని ఏసుపాదం మామూలుగా అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. అందుకే పానకాలుకి ఎక్కువ తగిలింది.

పానకాలు లేచి నిలబడి, "బాబాయ్, థాంక్స్" అన్నాడు. ఆ మాట అతని నోట కొత్తది కావడంతో కొంచెం గట్టిగా వచ్చింది. పక్క కొట్టువాడు ఏదో దెబ్బలాట అనుకుని తొంగిచూశాడు.

తర్వాత కొత్తదిబ్బ తలుపు తీసి, ఫోన్ ముసలాయన చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నమే బోర్డు మీద ఉన్న పేర్లన్నీ, పైనున్న ఊరి ద్రోహులు అన్న మాటతో సహా తుడిచేశాడు. వాటి స్థానంలో ఇలా రాశాడు: "మీ గోడలు బాగుచేసింది నేను కాదు. లస్కరు ఏసుపాదం గారు. ఆటలో ఆయనే డేంజర్ నాగు, రెండుసార్లు ఎగిరితే నమస్కారం పెట్టినట్టు. ఆ సంగతి తెలియక ఆయన్ని తిట్టి వెళ్ళగొట్టింది నేను. పానకాలు."

ఆదివారం సాయంత్రం వచ్చింది. వెళ్ళిపోవడానికి సిద్ధమై అందరూ పైకప్పు లేని సినిమాహాలు ముందు చేరారు. వచ్చినవాళ్ళంతా ముందు బోర్డు చదివారు. డాక్టరు మళ్ళీ మళ్ళీ చదివాడు. ఒకడు తన తప్పు తనే రాసుకోవడం ఆయన అంతకుముందు చూడలేదు.

హాలు గోడ దగ్గర డేంజర్ నాగు ఒక్కడే పనిచేస్తూ ఉన్నాడు. తెల్లగోడకి పసుపు ఇటుకలు పెడుతున్నాడు. జనాన్ని చూసి రెండుసార్లు ఎగిరాడు.

మొదట ప్రసూన టీచరు ఎగిరింది. తర్వాత సర్పంచి ఎగిరాడు. జనం ఎటు ఉంటే అటు ఎగరడం ఆయనకి అలవాటే. ఆ తర్వాత అందరూ ఎగిరారు. వీధి వీధంతా ఎగిరింది. అది నమస్కారమని తెలియనివాడు చూస్తే ఊరికి పిచ్చి పట్టిందనుకునేవాడు.

ప్రసూన టీచరు ఒక ఇటుక తీసుకుని గోడలో పెట్టింది. అది తెల్లదే. పక్కనున్న పసుపు ఇటుకల్ని తీయలేదు. ఆమెని చూసి తలా ఒక ఇటుక అందుకున్నారు. చీకటి పడేలోగా హాలుకి పైకప్పు వచ్చింది.

పానకాలు తెర ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. అందరూ చూసేలా టైపు చేశాడు. "మరి వెళ్ళిపోతున్నారా టీచర్ గారూ?"

"చింతలమెరక సర్వర్లో లస్కరు ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు?" అని జవాబు వచ్చింది. "మేం ఎక్కడికీ వెళ్ళం."

పానకాలు కళ్ళు తుడుచుకున్నాడు. అందరికీ పేరుపేరునా థాంక్స్ చెబుదామనుకున్నాడు. అప్పుడు తెలిసింది, గడ్డిబాంబుకి ఎన్ని మారుపేర్లున్నాయో తనకు కంఠతా వచ్చు గాని, రోజూ వచ్చి ఊరు కట్టేవాళ్ళలో సగంమంది పేర్లు రావని. సిగ్గు విడిచి ఒక్కొక్కరినీ అడిగాడు. "మీ పేరేంటండీ? మీరు కట్టింది ఏది?" అలా అడుగుతూ పోతే అందులో అతని సొంత బావమరిది కూడా దొరికాడు. ఇన్నాళ్ళూ వీధి దీపాలు పెడుతున్నది అతనేనట.

ఆ వారమే పానకాలు ఏసుపాదాన్ని బండి మీద కూర్చోబెట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆపరేషను అయి, కట్టు విప్పాక, ఏసుపాదం ఫోన్ తెరిచి కొత్తదిబ్బను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"ఎవడయ్యా ఈ దిక్కుమాలిన రంగులు వేసింది?" అన్నాడు.

"నువ్వే బాబాయ్."

"ఆరి దేవుడా! మార్చేస్తానుండు."

"ఆ మాట ఊళ్ళో ఎవరితోనూ అనకు. కర్రలు పట్టుకొస్తారు," అన్నాడు పానకాలు.

గ్రీఫర్లు అప్పటికీ వస్తూనే ఉన్నారు. కాని ఇప్పుడు వాళ్ళు ఒక కిటికీ పగలగొట్టి పక్కకి తిరిగేలోపు, ఎవరో ఒకరు వచ్చి ఇంకో కిటికీ పెట్టేవారు. పెట్టి, రెండుసార్లు ఎగిరి వెళ్ళేవారు. ఎవరూ తిట్టేవారు కాదు. పానకాలు బోర్డు మీద రోజూ పేర్లు రాసేవాడు గాని, అవి ఆ రోజు బాగుచేసినవాళ్ళ పేర్లు. సుత్తిరాజా విసుగెత్తి చింతలమెరక వెళ్ళిపోయాడు. గడ్డిబాంబు ఒక్కడు తప్ప మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే రామబ్రహ్మం కేబుల్ ఆఫీసుకి వచ్చాడు. అతనికి బస్టాండు దగ్గర సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. ఊళ్ళో కొత్త ఇల్లు లేచిందంటే అందులో సగం అతని సరుకే.

"అన్నా, బోర్డు మీద పేర్లు రాయడం మానేశావేంటి?" అన్నాడు.

"రోజూ రాస్తున్నానుగా."

"అవి కాదన్నా. ఇదివరకు రాసేవాడివి చూడు, గడ్డిబాంబు అనీ... నెలరోజుల్నుంచి ఎంత కష్టపడుతున్నా ఒక్కసారి కూడా రాయలేదు."

అన్నాక, ఏం అన్నాడో అతనికే తెలిసింది. నాలుక కరుచుకున్నాడు.

పానకాలు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. బాల్కనీ గుర్తొచ్చింది. ఆసుపత్రి మెట్లు గుర్తొచ్చాయి. పగలంతా ఊరికి సిమెంటు అమ్మి సాయంత్రం ఊరిని కూల్చే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పాత పానకాలు అయితే బల్ల మీంచి దూకి కాలరు పట్టుకునేవాడు. ఇప్పటి పానకాలుకి కూడా ఆ కోరిక బాగానే కలిగింది.

"కూల్చినవాళ్ళ పేర్లు రాయడం మానేశాం రామబ్రహ్మం," అన్నాడు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని. "కట్టినవాళ్ళవి రాస్తాం."

"ఎంత కడితే రాస్తారు?"

"ఒక్క ఇటుక పెట్టినా రాస్తాం."

"సొంత పేరుతోనా?"

"సొంత పేరుతోనే."

ఆ సాయంత్రం కొత్తదిబ్బలోకి రామబ్రహ్మం అనే మనిషి వచ్చాడు. ఆసుపత్రికి మెట్లు కట్టాడు. చాలా గట్టిగా, సూటిగా కట్టాడు. ఎంతైనా ఆ వ్యాపారంలో ఉన్నవాడు. అతను మారిపోయి మహానుభావుడయ్యాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. పేరు పడాలనే కట్టాడు. అయినా కట్టిన మెట్లు ఎక్కడానికి పనికొచ్చాయి.

మర్నాడు పానకాలు బోర్డు మీద అతని పేరు రాశాడు. రాసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. సిమెంటు కొట్టుకి నడిచి వెళ్ళి, నలుగురూ వింటూ ఉండగా, "రామబ్రహ్మం, మెట్లు బాగా కట్టావు. థాంక్స్," అన్నాడు. అంటున్నప్పుడు గొంతులో చేపముల్లు అడ్డంపడ్డట్టయింది. అయినా చివరి అక్షరం దాకా అన్నాడు.

రామబ్రహ్మం బస్తాల మధ్య నిలబడి ఎటు చూడాలో తెలియక, రెండుసార్లు ఎగిరాడు.

చెడగొట్టినవాణ్ణి వెతకడంలో మునిగిపోయిన కళ్ళకి, పక్కనే నిలబడి బాగుచేస్తున్నవాడు కనబడడు. అందుకని పిల్లలూ, కీడు చేసినవాడి పేరు మరిచిపోయినా నష్టం లేదు గాని, మేలు చేసినవాడి పేరు అడిగి తెలుసుకుని, అతను ఎదురుగా ఉండగానే కృతజ్ఞత చెప్పాలి.